ఉప్పునీళ్ళు లేక మా ఇంట జరిగిన విందు

ఆపరేషన్ రద్దు కావడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు! నవ్వకండి. మా ఇంట్లో మూడుసార్లు అనుభవించి చెబుతున్నాను.

మా ఆవిడ ఆర్డిస్‌కు తుంటి కీలు అరిగిపోయింది. మార్చాలన్నారు. సరిగ్గా అప్పుడే ఎక్కడో దక్షిణాన కొండల్లో తుఫాను వచ్చి, ఏరు పొంగి, ఒడ్డునున్న ఫ్యాక్టరీ మునిగింది. అది మునిగితే ఇక్కడ అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో మాకేమిటంటారా? ఆపరేషన్లో నరానికెక్కించే ఉప్పునీళ్ళు, అదే సెలైన్ సంచులు, మా ఆసుపత్రికి ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచే రావాలట! రెండు వైపులా సముద్రాలున్న దేశంలో ఉప్పునీళ్ళకు కరువు! ఇలాంటి పొదుపు ఇంకెవరికైనా చేతనవుతుందా?

ఆసుపత్రి నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది.

"సారీ అండీ, ఈసారికి కుదరదు. మేడమ్ గారితో నీళ్ళు బాగా తాగించండి."

"అరిగిన తుంటికి నీళ్ళెందుకమ్మా?"

"ఏమోనండీ, అందరికీ అదే చెప్పమన్నారు."

ఇంత నిజాయితీ మీ ఊరి ఆసుపత్రిలో దొరుకుతుందా?

ఇక లాభాలు చూడండి. మా సర్జన్ గారు తీరిక దొరికి, గడ్డకట్టిన చెరువుకు కన్నం పెట్టి చేపలు పడుతున్నారు. మత్తు డాక్టరు స్వెట్టర్లు అల్లుతోంది. వీధి చివర టోర్వాల్డ్ గారి పిత్తాశయంలోని రాళ్ళకు ఏడాది నిండితే కేకు కోశాం!

అసలు లాభం హాట్‌డిష్. ఎవరికైనా ఆపరేషనంటే చాలు, మా చర్చి ఆడవాళ్ళు మాంసం కీమా, బీన్స్, డబ్బా సూపు కలిపి, పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి, ఓవెన్లో కాల్చి పట్టుకొస్తారు. ఆపరేషన్ జరిగిందా అని అడగడం మర్యాద కాదు. జరగలేదని చెప్పి వాళ్ళను నొప్పించడం అంతకన్నా మర్యాద కాదు! తేదీ వచ్చిందా, గిన్నె వచ్చిందా, అంతే. ఆపరేషన్లు రద్దయ్యాయి గానీ గిన్నెలు రద్దు కాలేదు. ఫ్రిజ్ నిండింది. గరాజ్ నిండింది. నా బెల్టుకు కన్నాలు చాలడం లేదు.

చిక్కల్లా ఒక్కటే. గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు, పైగా ఎవరి కోసం వండారో ఆవిడే తీసుకెళ్ళి ఇవ్వాలి. ఎదురింటి వెర్లా గిన్నె నేనిచ్చి వస్తానంటే ఆర్డిస్ కసిరింది.

"నువ్విస్తే ఇచ్చినట్టవుతుందా? పక్కన పెట్టు."

మొన్న వెర్లాయే వచ్చింది. సోఫా మీద దుప్పటి, మెట్ల కింద ఆర్డిస్ చెప్పులు చూసింది. ఆ మెట్లు ఎక్కలేక ఆర్డిస్ హాల్లోనే పడుకుంటోందని మేం ఎవరికీ చెప్పలేదు.

"ఏమే ఆర్డిస్, ఇంకా ఆపరేషన్ కాలేదా? మూడు గిన్నెలు తిని నోరు మెదపలేదేం?"

"ఎలా చెప్పనే? అంత శ్రమపడి వండావు కదా."

వెర్లా ముక్కు చీదుకుంది. "ఆ గిన్నె ఇక్కడే ఉండనీ. నువ్వు నడిచొచ్చి ఇస్తేనే తీసుకుంటా. అప్పటిదాకా మీ ఇంటికి వండితే ఒట్టు!"

వెర్లా హాట్‌డిష్ ఆగిపోయాక గానీ నాకు ఆసుపత్రి మీద కోపం రాలేదు. సిగ్గుపడుతున్నాను, కానీ వచ్చింది!

ఫ్యాక్టరీని మళ్ళీ కట్టారట. ఎక్కడో తెలుసా? అదే ఏటి ఒడ్డున! చవక కదా అని మా ఆసుపత్రి మళ్ళీ అక్కడికే ఆర్డరిచ్చింది. ఎంత తెలివైన వాళ్ళండీ!

వెర్లా గిన్నె కడిగి కిటికీలో పెట్టాం. ఆర్డిస్ రోజూ దాన్నీ, ఎదురింటినీ చూస్తూ కూర్చుంటోంది. అయ్యా పెద్దలూ, మళ్ళీ ఏరు పొంగేలోపు మా ఆవిణ్ణి ఆ వీధి దాటనివ్వండి.