రత్తయ్య తలకాయ ఫ్లెక్సీ

సోమవారం పొద్దున రత్తయ్య వేసుకున్న పథకం చిన్నదే. నందిగామ సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టాలి, అది బాలసుబ్రహ్మణ్యం మాస్టారి కంట పడాలి. ఆపైన ఎప్పట్లాగే స్కూలు వ్యానెక్కి పిల్లల్ని దింపి రావాలి.

"నీ తలలో ఏమీ లేదురా!" అని ఏడో తరగతిలో మాస్టారన్న మాటకు రత్తయ్య ఆ రోజే బడి మానేశాడు. నలభై ఏళ్లయినా మంట చల్లారలేదు. రిటైరైన మాస్టారు సెంటర్లో అరుగు మీద పేపరు చదువుకుంటుంటే, పనిగట్టుకుని అక్కడే హారన్ కొట్టి పోతుంటాడు.

ఇన్నాళ్లకు జవాబు దొరికింది. మేనకోడలు మహతి యూనివర్సిటీలో మెదడు, నరాల మీద పరిశోధన చేస్తోంది. చేతుల వణుకుడు జబ్బు మీద చేసిన పనికి వాళ్ల విభాగానికి అవార్డొచ్చింది. విభాగం పత్రికలో ఆ వార్తతో పాటు ఒక మెదడు బొమ్మ కూడా వేశారు.

"మావయ్యా, ఆ బొమ్మ నీదే! మొన్న స్కానింగ్ మిషన్లో పడుకున్నావే, అప్పుడు తీసింది" అంటూ మహతి ఫోన్లో పంపింది. బొమ్మ కింద ఇంగ్లీషులో ఏదో ఉంది. రత్తయ్యకు అది రాదు, అవసరమనీ అనిపించలేదు.

జగ్గయ్యపేటలో ఫ్లెక్సీలు వేసే బెన్ని ఎనిమిదడుగుల మెదడు తయారుచేశాడు. పైన రత్తయ్య ఫొటో, చుట్టూ బంతిపూల దండ.

"ఈ ఎర్ర మచ్చలు తీసేయనా బాబాయ్?"

"ఉండనీరా, నిండుగా ఉంటది."

వ్యానులో వచ్చే కవలల నాయనమ్మ బసవమ్మ మధ్యాహ్నం ఆ ఫ్లెక్సీ చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో, తలలో అన్ని గడ్డలా! అప్పుడే దండ కూడా వేసేశారా!"

మంగళవారం ఆరుగురు పిల్లలకు ఒకేసారి జ్వరమొచ్చిందని, వ్యానెక్కరని కబుర్లొచ్చాయి. "నాకేం లేదమ్మా, నా తల బ్రహ్మాండంగా ఉంది" అని రత్తయ్య ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

"పాపం, ఇంట్లోవాళ్లు ఆయనకి తెలియనివ్వలేదంట" అని వీధి వీధంతా కళ్లొత్తుకుంది.

బుధవారం వ్యాను ఖాళీ. ఇల్లు మాత్రం బత్తాయిలతో, బ్రెడ్డు పొట్లాలతో నిండిపోయింది. సాయంత్రం స్కూలువాళ్లు ఫోన్ చేశారు: "ఎల్లుండి తాళాలిచ్చెయ్ రత్తయ్యా, రెస్ట్ తీసుకో."

"ఏదో ఒక కాగితం పంపు తల్లీ, నా కూడు పోతోంది" అని రత్తయ్య మహతి కాళ్లావేళ్లా పడ్డాడు. మర్నాడు ప్రొఫెసర్ సంతకంతో ఉత్తరం వచ్చింది. అదీ ఇంగ్లీషే. దాన్ని చదివి చెప్పగలిగేది మాస్టారొక్కరే, చెబితే ఊరు నమ్మేదీ ఆయన్నే. రత్తయ్య మొదటిసారి ఆ అరుగు దగ్గర హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపాడు.

చుట్టూ పిల్లల తల్లిదండ్రులు మూగారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఈయన రోగి కాదట. రోగుల మెదడు పక్కన పోల్చి చూడ్డానికి తీసుకున్న మామూలు మనిషట. ఎర్ర మచ్చలంటే, వేళ్లు ఆడించినప్పుడు పనిచేసే చోట్లట. అంతకుమించి ఈయన తలలో..." మాస్టారు ఆగి, రత్తయ్య వంక చూసి, గొంతు పెంచారు. "చెప్పుకోదగ్గది ఏమీ లేదట!"

"ఇంకోసారి చదవండి మాస్టారూ" అంది బసవమ్మ.

ఆయన మూడుసార్లు చదివారు. తనెప్పుడో వేసిన మార్కును యూనివర్సిటీ సరిచూసి ఖాయం చేసినంత తృప్తిగా చదివారు.

"నేనప్పుడే చెప్పలేదట్రా?"

"చెప్పారండి" అన్నాడు రత్తయ్య పళ్లు బిగబట్టి. "కాస్త గట్టిగా చదవండి, వెనకాలవాళ్లకి వినబడలా."

శుక్రవారం వ్యాను నిండింది. మాస్టారు స్వహస్తాలతో తెలుగులో రాసిచ్చిన ఆ ఉత్తరం ముందు అద్దం మీద, బండి ఫిట్‌నెస్ కాగితం పక్కనే అతుక్కుంది.

బండి ఫిట్‌నెస్ మార్చిదాకానే. రత్తయ్య తలకు గడువేమీ రాయలేదు.