గుట్ట కింద ఉపవాసం

శనివారం పొద్దున టీ తాగుతుండగానే శిబిరం నడిపే సింధుజ అందరికీ ఆ రోజు కార్యక్రమం చెప్పేసింది. భోజనాల వేళ దాకా బైబిలు పాఠాలు లేవు. ఎవరికి వాళ్లు విడిగా వెళ్లి, ఉన్నదాంట్లోంచి ఏదో ఒకటి ఎవరికైనా ఇచ్చి రావాలి. "ఇచ్చినట్టు ఎవ్వరికి చెప్పొద్దు. నాకు గూడ చెప్పొద్దు. తీసుకున్నోళ్లతోని గూడ చెప్పొద్దని మాట తీసుకోండ్రి" అని మరీ మరీ చెప్పింది.

తాండూరు చర్చి యువజనులు వికారాబాదు గుట్ట కింద అద్దె బంగ్లాలో రెండు రోజులు గడపడానికి అనుమతి తెచ్చేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. సంఘ పెద్ద రాహేలమ్మ టీచర్ బడి నుంచి రిటైరయ్యారు గానీ, చేతిలో బెత్తం లేని లోటును చూపులతో తీర్చుకుంటున్నారు. "విశ్వాసం, దాతృత్వం అని పేరు వెట్టి పిక్నిక్ వోతున్నరు. నేనే వచ్చి చూస్త. జర తేడా కనవడ్డా గిదే ఆఖరు" అని ముందే తేల్చేశారు. ఆ రావడం ఈ మధ్యాహ్నం భోజనానికే. సింధుజకు రాత్రంతా నిద్ర లేదు.

ఇవ్వాలంటే ముందు తీసుకునే మనిషి దొరకాలి కదా. కనుచూపు మేరలో ఉన్నది బంగ్లా ఊడ్చే మొగులమ్మ ఒక్కతే. వెనకాల రేకుల ఇంట్లో ఉంటుంది. సింధుజ అటూ ఇటూ చూసి, వంట కోసం తాండూరు నుంచి తెచ్చిన కందిపప్పు సంచిని చున్నీ చాటున తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది. ఎలాగూ కోడికూర ఉంది, పప్పు లేకపోతే కొంపేమీ మునగదు అనుకుంది.

"ఎవ్వరికి చెప్పకమ్మా."

"చెప్పను తియ్యి బిడ్డ. నువ్వు గూడనా?" అంది మొగులమ్మ. ఆ మాట దగ్గర సింధుజ ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. కంగారులో ఆగలేదు.

వంట మొదలుపెడదామని లోపలికి వెళ్తే కోడిమాంసం గిన్నె లేదు. పొద్దున్నే ఊళ్లోకి వెళ్లి తెచ్చింది నిఖిల్.

"చికెన్ ఏడ వెట్టినవ్ నిఖిల్?"

నిఖిల్ నేల చూపులు చూశాడు. "చెప్పొద్దన్నవు గదక్కా."

సింధుజ పొయ్యి వైపు తిరిగింది. "సరే, పప్పన్నం..." అనబోయి నాలుక కరుచుకుంది. పప్పు సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? "ఉత్తన్నమన్నా వండుదాం. భవ్యా, బియ్యం సంచి ఏది?"

భవ్యశ్రీ మొహం వెలిగిపోయింది. నోటి మీద వేలు పెట్టుకుని ముసిముసిగా నవ్వింది. నూనె లేదు, ఉల్లిగడ్డలు లేవు, మసాలా పొట్లం కూడా లేదు. తానిచ్చింది పోయినా మిగతావి ఉన్నాయి కదా అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. వంటగదిలో మిగిలింది ఉప్పు డబ్బా ఒక్కటే. ఉప్పు దానం చేయాలని ఎవరికీ తోచలేదు.

వెళ్లి పప్పు తిరిగి అడుగుదామా అనుకుని సింధుజ సిగ్గుతో చచ్చిపోయింది. ఇంతలో ఫోన్ మోగింది. రాహేలమ్మ టీచర్.

"వికారాబాద్ టేషన్ల దిగినం. అయ్యగారు గూడ వస్తున్నరు, కమిటోళ్లు గూడ. ఆటో ఎక్కినం. పొద్దుగాల ఎవ్వరం ఏం తినలే, మస్తు ఆకలైతుంది."

'అయ్యగారు' అంటే పాస్టర్. ఊళ్లోకి పరిగెత్తి ఏదన్నా కొనుక్కొచ్చే వ్యవధి కూడా లేకపోయింది. టీచర్ దిగీ దిగగానే తిన్నగా వంటగదిలోకి నడిచి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశారు.

"ఏందే, పొయ్యే అంటువెట్టలే?"

"ఇయ్యాల..." సింధుజ ఉప్పు డబ్బా వైపు చూసింది. "ఇయ్యాల ఉపవాస ప్రార్థన, టీచర్."

ఆ ప్రార్థన గురించి మొదటిసారి వింటున్న యువజనులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీల గింత భక్తి ఉన్నదనుకోలే బిడ్డ. పొద్దూకే దాకనా?"

"పొద్దూకే దాక" అంది సింధుజ. అబద్ధమాడినందుకు భయం వేసింది, గండం గడిచినందుకు ప్రాణం లేచొచ్చింది. రెండూ ఎంతోసేపు నిలవలేదు. వెనక వాకిట్లోంచి కోడికూర వాసన వచ్చింది.

ముందు మొగులమ్మ, నెత్తి మీద అన్నం గంజుతో. వెనక ఆమె చెల్లెలు, కూర గిన్నె, పప్పు గిన్నెలతో. ఒకరు బియ్యం, ఒకరు కోడి, ఒకరు నూనె తెచ్చిచ్చి ఎవరికీ చెప్పొద్దంటే, పెద్దలకు ముందుగా తెలియకుండా తన చేత వండిస్తున్న విందని మొగులమ్మకు అర్థమైంది. ఇంకేమని అర్థమవుతుంది?

"కూసోండ్రి, అందరు తినుండ్రి" అంది.

"ఎవరు వెట్టిస్తున్నరమ్మా ఇదంత?" అన్నారు టీచర్.

మొగులమ్మ యువజనుల వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది. "చెప్పను. మాటిచ్చిన."

"చూసిన్రా అయ్యగారూ! ఉన్నది రేకుల ఇల్లు. పెట్టిన చెయ్యి తనదని గూడ చెప్పుకుంటలేదు. ఇచ్చుడంటే గిట్లుండాలె!" అన్నారు టీచర్.

"టీచర్, ఆ చికెన్..." అని మొదలుపెట్టిన నిఖిల్ కాలు సింధుజ గట్టిగా తొక్కింది. నిజం చెబితే ఉపవాసం సంగతీ చెప్పాలి.

పెద్దలు విస్తళ్ల ముందు కూర్చున్నారు. వాళ్ల పక్కన ఒక మూల కూర్చోబోయిన భవ్యశ్రీని టీచర్ ప్రేమగా ఆపారు. "మీరు ఉపవాసం గద బిడ్డ. మధ్యల ఇడ్వొద్దు. మేం తినే దాక మంచిగ ఒక పాట వాడుండ్రి."

పాడారు. ముక్క బాగా ఉడికిందని అయ్యగారు మారు వేయించుకున్నారు. మూడో చరణం దగ్గర టీచర్ చెయ్యెత్తి, "అంత మంచిగున్నది గని, జర ఉప్పు తక్కువైంది" అన్నారు. సింధుజ లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ రోజు అందరూ చూస్తుండగా ఆమె ఇచ్చింది అదొక్కటే.

వచ్చే ఏడాది శిబిరానికి కమిటీ చేతులు కడుక్కోకముందే అనుమతి ఇచ్చేసింది: వంట మొగులమ్మది, ఉపవాసం యువజనులది.