తాగని కాఫీ

పొద్దున్నే నహార్ ఇంటికి వెళ్లి, తప్పయిందని చెప్పి, గొర్రెలు తోలుకునే వేళకు తిరిగి రావాలని సువైలిమ్ అనుకున్నాడు. అంతకు మించి పనేమీ లేదు.

తప్పు నిన్నటిది. అన్న కొడుకు జద్వాన్‌కు నహార్ కూతుర్ని అడగడానికి ముప్పై మంది కలిసి వెళ్లారు. ఆ ఎడారి మనుషుల్లో పిల్లనడగవచ్చినవాళ్లు కాఫీ తాగకుండా కింద పెడతారు, ఇస్తామన్నాకే తాగుతారు. పెద్దాయన హాయిల్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే సువైలిమ్ గుటుక్కున తాగేశాడు. ఎండన పడి నడిచొచ్చిన నోరు. "అయితే మీకేం అక్కర్లేదన్నమాట," అని నహార్ లేచిపోయాడు. అప్పటి నుంచి జద్వాన్ రొట్టె ముట్టలేదు.

తిరిగొచ్చే దారిలో హాయిల్ ఒకటే మాటన్నాడు. "ఇకనైనా ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని చావు."

పొద్దున్నే తన ఇంటికొచ్చినవాడికి నహార్ మొహం ముడుచుకునే కాఫీ పోశాడు. సువైలిమ్ చెయ్యి దానంతటదే కప్పును పెదవుల దాకా తీసుకెళ్లింది. అక్కడ నిన్నటి సంగతి దాన్ని పట్టి ఆపింది. కప్పు మెల్లగా చాప మీదికి దిగింది.

నహార్ మొహంలో రంగు మారింది. అతిథి ముందు కాఫీ చల్లారిపోతే పోయేది ఇంటి పరువు.

"మళ్లీ అడగడానికే వచ్చాడు," అని నహార్ తమ్ముడు రక్కాద్ గొణిగాడు.

"పెద్దలు లేకుండానా?"

"పెద్దల్ని నిన్న చూశాంగా అన్నా."

తప్పయిందని ముందు చెప్పాలా, కాఫీ సంగతి ముందు తేలాలా అన్నది సువైలిమ్‌కు తెగలేదు. నిన్న తొందరపడ్డాడు. ఇవాళ పడకూడదు. ఊరుకున్నాడు.

కప్పు మీద ఆవిరి ఆగిపోయింది.

"తాగు సువైలిమ్. పిల్లనిచ్చాం," అన్నాడు నహార్.

సువైలిమ్ విన్నాడు. సరిగ్గానే విన్నానా అని మరోసారి ఆలోచించుకున్నాడు.

"చాల్లేదట," అన్నాడు రక్కాద్. "మూడేళ్లుగా తగువులో ఉన్న ఆ గట్టు బావి మనసులో పెట్టుకున్నాడు. వీళ్ల నాన్నా ఇంతే, మాట్లాడకుండా చంపేవాడు."

"సరేనయ్యా! ఆ బావిలో సగం నీళ్లు మీవే. ఇప్పుడైనా తాగుతావా, నా గొర్రెల్ని కూడా తోలుకుపోతావా?"

సువైలిమ్ తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "నాదే తప్పు," అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది!" అన్నాడు నహార్.

సంగతి విని హాయిల్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. నలభై ఏళ్లుగా ఎంతోమందికి పిల్లల్ని అడిగి తెచ్చాడు గానీ, ఆయన ఏ ఇంటి నుంచీ బావి తేలేదు.

వచ్చిన అతిథిని మూడు రోజుల దాకా ఎందుకొచ్చావని అడగకపోవడం అక్కడి మర్యాద. సువైలిమ్‌ను మాత్రం ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా గుమ్మంలోనే అడుగుతున్నారు.