ఎడమ పెట్టె జబ్బు

మనిషికి రెండు చెవులు ఎందుకున్నాయన్న ప్రశ్నను ఆత్మకూరు శ్రవణానంద సమితి శాశ్వతంగా తేల్చేసింది. ఒక చెవి పాట వినడానికి. రెండోది, ఆ పాట ఎలా ఉందో అధ్యక్షులవారు సెలవిచ్చేది వినడానికి. రెండింటికీ పేచీ వస్తే రెండో చెవి మాటే చెల్లుతుంది. ఆ సమితికి కార్యదర్శిని నేనే కాబట్టి ఇందులో సందేహించాల్సిన పని లేదు.

అధ్యక్షులు రామనారాయణగారు. అనంతసాగరం దగ్గర మాగాణి, ఆత్మకూరులో మేడ, ఏ పెళ్ళిపందిట్లో అయినా ముందు వరస కుర్చీ ఆయనవి. ఆయనది బంగారు చెవి అని మొదట ఎవరన్నారో గుర్తులేదు గాని, కాదన్నవాళ్ళెవరూ సమితిలో మిగల్లేదు. ఇంకో విశేషం కూడా చెప్పాలి. ఆయన ఎక్కడ కూర్చున్నా తూర్పు ముఖంగానే కూర్చుంటారు. వాళ్ళింట్లో తాతలనాటి నుంచీ అదే ఆనవాయితీ. బస్సెక్కినా ఆత్మకూరు నుంచి నెల్లూరు వైపే సుఖంగా ఉంటుందనీ, తిరుగు ప్రయాణంలో ప్రాణం ఉసూరుమంటుందనీ అంటారు.

మా సభ్యుల్లో వెంకటరమణయ్యగారు ఎండుమిరపకాయల టోకు వ్యాపారి. ఆయన యూట్యూబులో చూసి, సొంత చేతులతో, గాజు వాల్వుల ప్రీయాంప్లిఫయరు ఒకటి తయారుచేశారు. పాటను పెద్ద యాంప్లిఫయరుకు అప్పగించే ముందు కాస్త బలం పట్టించి పంపే పెట్టె అది. పాతకాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లుండేవే, అవే వాల్వులు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవాళ్ళ చేత దానికి నగిషీ పెట్టె చేయించారు. వాల్యూం తిప్పే మరకు గరిటె పిడి పెట్టించారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరపకాయలు తూకం వేయించిన మనిషి, మొదటిసారి తన చేత్తో ఒక వస్తువు చేశాడు. దాన్ని చూసేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు వాల్వుల్లో కంటే ఎక్కువగా ఉండేది.

చిక్కల్లా ఆయన భార్య ఆదిలక్ష్మమ్మగారితో వచ్చింది. పెట్టె, దాని బంధువర్గం కలిసి ముందుగదిని ఆక్రమించాయి. సోఫా వరండాలోకి పోయింది. వచ్చిన చుట్టాలను వంటింట్లో పీటల మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆవిడ చివరికి తీర్పు చెప్పేశారు. రామనారాయణగారు విని బాగుందంటే పెట్టె ఉంటుంది, బాగాలేదంటే పాత ఇనుపసామాన్ల బండెక్కుతుంది. వెంకటరమణయ్యగారికి ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

పరీక్షకు సమితి మొత్తం తరలివచ్చింది. పెట్టెను, రెండు స్పీకర్లను తూర్పు గోడకు పెట్టి, ఎదురుగా అధ్యక్షులవారికి కుర్చీ వేశాం. స్పీకర్ల మీద 'ఎడమ', 'కుడి' అని చీటీలు కూడా అంటించాం. పాట మొదలైంది. రామనారాయణగారు కళ్ళు మూసుకొని విన్నారు.

"ఎడమ పెట్టె తక్కువగా ఉండాది," అన్నారు.

ఆ క్షణం దాకా నాకు రెండూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. ఆ క్షణం నుంచి ఎడమది తగ్గింది! హార్మోనియం నేర్పుతూ, తీరిక వేళల్లో వాస్తు కూడా చెప్పే అంకారావుగారు, ఆ సంగతి తాను పల్లవిలోనే పట్టేశానన్నారు. ఇంకొకాయన చరణం దాకా ఆగకుండా సభలో చెబితే బాగుండదని ఊరుకున్నానన్నారు. అన్నిటికంటే విచిత్రం, వెంకటరమణయ్యగారు కూడా అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకొని "అవునండీ, తక్కువే," అని ఒప్పుకున్నారు.

ఇక మరమ్మతు. ఇలాంటి జబ్బుకు తిరుగులేని వైద్యం ఒకటుంది. ఎడమదాన్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకూ మార్చాలి. జబ్బు కూడా వెంట వెళితే తప్పు ఆ వస్తువుది. ముందు వాల్వులు మార్చారు. ఎడమే తక్కువ అన్నారు అధ్యక్షులవారు. తీగలు అడ్డదిడ్డంగా మార్చారు. ఎడమే తక్కువ. చివరికి స్పీకర్లనే అటుదిటు మోసి, చీటీలు పీకి మళ్ళీ అంటించాం. అప్పుడూ ఎడమే తక్కువ! ఎడమ వైపు ఉండినవన్నీ కుడికి చేరాక ఇంకా ఎడమ తగ్గడం శాస్త్రానికి కుదరదు. అయితే శాస్త్రం మా సమితిలో సభ్యత్వం తీసుకోలేదు.

వెంకటరమణయ్యగారు వేళ్ళు కాలేదాకా టంకం పెట్టారు. ఆయన్ను చూస్తే జాలేసింది. ఇనుపసామాన్ల బండివాడు వీధిలో కేకవేసినప్పుడల్లా ఆయన లేచి తలుపు మూసేవారు.

చివరికి అంకారావుగారు వాస్తు బయటికి తీశారు. బరువైన వస్తువు పడమట గోడకుండాలన్నారు. మళ్ళీ అందరం కలిసి సరంజామా అంతా పడమటికి మోశాం. కానీ అధ్యక్షులవారు పడమటి ముఖంగా కూర్చోరు గదా. ఆయన తూర్పుకే తిరిగి, పాటకు వీపు చూపించి కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక మేము వేరేగా కూర్చుంటే మర్యాద కాదు. సమితి యావత్తూ స్పీకర్లకు వీపులు అప్పగించి, ఎదుటి గోడ మీది ఎరువుల కంపెనీ క్యాలెండరును చూస్తూ సంగీతం ఆస్వాదించింది.

రామనారాయణగారు మెడ తిప్పి చీటీలు చూశారు. "ఇప్పుడు ఎడమ పెట్టె బ్రహ్మాండంగా ఉండాది. కుడిది పడిపోయినాది."

కుడిది పడిపోయిందని మేమందరం ఏకగ్రీవంగా విచారించాం. వెంకటరమణయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పూట ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోనేలేదు.

అప్పుడే లోపల ఆదిలక్ష్మమ్మగారితో మాట్లాడుతున్న ఓబులమ్మగారు గడపలోకి వచ్చారు. ఈవిడ రామనారాయణగారి భార్య, ఆ రోజే మొదటిసారి ఆయనతో వచ్చారు.

"ఆ పెట్టెను ఎందుకు చంపుతారు? ఈయనకు ఎడమ చెవి వినపడదు గదా," అన్నారు మామూలుగా. "పెళ్ళయిన కాడి నుంచీ నేను కుడి పక్కనే కూర్చుంటా ఉండాను."

వెనక్కి తిరిగి కూర్చునేసరికి 'ఎడమ' చీటీ పెట్టె ఆయన కుడి చెవి వైపు వచ్చిందని నాకు అప్పుడు వెలిగింది. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అవును, చిన్నప్పుడు దీపావళి టపాకాయకు పోయినాది ఆ చెవి," అన్నారు. "మీరందరూ తక్కువే, తక్కువే అంటిరి. పెట్టెదే తప్పని నేనూ నమ్మినాను. నాకు వినపడలేదంటే అర్థం ఉండాది. మీకేమొచ్చిందయ్యా?"

ఎవరి కాలిగోళ్ళను వాళ్ళం పరిశీలించుకున్నాం. ఆయన ఇక తాను నోరు తెరవనన్నారు. మీరే పెట్టె వైపు తిరిగి, మీ చెవులతో విని చెప్పండన్నారు. సమితి చరిత్రలో ఇటువంటి ఆపద ఎన్నడూ రాలేదు. బరబరా కుర్చీలు ఈడ్చుకొని స్పీకర్ల వైపు తిరిగాం. వెంకటరమణయ్యగారు పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. మేము కళ్ళు మూసి తలలూపాం.

"త్రాసులో పెట్టినట్టు సమానంగా ఉండాయి," అన్నారు అంకారావుగారు. సమానమే అన్నారు ఆయన పక్కాయన. వరసగా అందరూ సమానమే అన్నారు. కార్యదర్శి మాట చివర్లో రావడం మర్యాద గనుక, చివర్లో నేనూ సమానమేనని ఖరారు చేశాను.

కాఫీ పళ్ళెంతో వచ్చిన ఆదిలక్ష్మమ్మగారి కాలికి ఏదో తగిలింది. ఆవిడ వంగి తీశారు.

"ఈ తీగ ఏ పెట్టెదండీ? కింద పడుండాది."

కుడి పెట్టెది. మేము కుర్చీలు ఈడ్చినప్పుడు ఎవరి కుర్చీ కాలికో తగులుకొని ఊడొచ్చింది. ఆవిడే దాన్ని తగిలించారు. ఒక్కసారిగా గది గదంతా పాటతో నిండిపోయింది. ఎంత బాగుందో చెప్పలేను. వెంకటరమణయ్యగారు గోడకు ఆనుకొని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. ఆదిలక్ష్మమ్మగారు పాట అయిపోయేదాకా నిలబడే విన్నారు. మేము మాత్రం అధ్యక్షులవారి ముఖం వంక చూస్తున్నాం.

"పెట్టె ఈడనే ఉంటాది," అన్నారావిడ. "ఈ కుర్చీలు మాత్రం తీసేయండి."

అలా సమితి కార్యస్థానం వెంకటరమణయ్యగారి ఎండుమిరపకాయల గోడౌనుకు మారింది. ఆయన రావడం మానేశారు, ఇంట్లో భార్యతో కూర్చుని పాటలు వింటున్నారట. మేము బస్తాల మధ్య అధ్యక్షులవారిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పాటలు ఫోనులోనే కానిచ్చేస్తున్నాం. మొన్న ఉదయగిరి నుంచి ఒక పెద్దమనిషి మా సభ చూడటానికి వచ్చారు. అధ్యక్షులు మొదలుకొని అందరి కళ్ళలోనూ ధారగా కారుతున్న నీళ్ళు చూసి, ఇంతటి రసజ్ఞులను తానెక్కడా చూడలేదని చేతులు జోడించారు.

అప్పటికి మేమింకా పాట పెట్టలేదు.