ఎదురింటి దూరం ఇరవై అడుగులు

పప్పుమిల్లు వీధిలో కారు దూకుడుగా వెళ్ళిన ప్రతిసారీ వీధి ఒక బెత్తెడు వెడల్పవుతుంది. ఇందులో వింతేమీ లేదు. పెద్దరోడ్డు మరమ్మతుకని మూసి, బళ్ళన్నిటినీ ఇటు మళ్ళించిన రోజు నుంచీ ఇంతే. రోజుకు వంద కార్లకు తక్కువ పోవు. నాలుగు నెలలు తిరిగేసరికి ఎదుటి వరస ఇళ్ళు చింతగింజలంత అయ్యాయి. ఇటువైపు వాళ్ళు వేరే పాలవాణ్ణి కుదుర్చుకున్నారు. వాన అటువైపు ఒక పూట ముందు కురుస్తుంది. జనం అలవాటుపడ్డారు.

అలవాటుపడనిది నూకరత్నం ఒక్కతే. ఆమెకూ ఎదురింటి గంగాభవానికీ ఇరవై ఆరేళ్ళుగా మధ్యాహ్నం భోజనం ముందు అష్టాచెమ్మా ఉండి తీరాలి. పెళ్ళిళ్ళొచ్చినా, పురుళ్ళొచ్చినా, ఇద్దరి మొగుళ్ళూ ఒకరి వెనక ఒకరు పోయినా ఆట మాత్రం ఆగలేదు. బళ్ళు మళ్ళించిన రోజునా ఆడుతూనే ఉన్నారు. చెరొక కాయ మిగిలింది. ఎవరికి ముందు ఒకటి పడితే వాళ్ళ కాయ పండుతుంది, ఆట అయిపోతుంది. సరిగ్గా అప్పుడే నూకరత్నానికి పొయ్యి మీది పప్పు గుర్తొచ్చింది. తను లేని సమయం చూసి గంగాభవాని పందెం వేసేసుకుంటుందని, నాలుగు గవ్వలూ కొంగున ముడేసుకుని మరీ ఇంటికొచ్చింది. పప్పు ఎనిపి, తాలింపు పెట్టి గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురిల్లు నాలుగడుగులు అవతలికి జరిగింది. కార్ల మధ్య సందు దొరకలేదు. గడి గీసిన అరుగు అటు, గవ్వలు ఇటు ఉండిపోయాయి.

మొదట్లో కేకలు అందేవి. ఇద్దరి పందెమూ నూకరత్నమే వేసి అరిచి చెప్పేది.

"తొండే నూకీ! నాకెప్పుడూ రెళ్ళేనా?"

"గవ్వల్నడుగు, నన్నడుగుతావేం!"

తరవాత వేళ్ళు చూపించుకున్నారు. వేళ్ళు కనబడనప్పుడు చీరలొచ్చాయి. రెండు పడితే గెడకు రెండు చీరలు, చెమ్మ పడితే నాలుగు, అష్ట పడితే ఇంట్లో ఉన్న ఎనిమిదీ ఎక్కాల్సిందే. అటునుంచి ఎర్ర దుప్పటి ఊగితే, చూశానని అర్థం. ఫోను చేసుకోవచ్చుగా అన్నవాళ్ళు లేకపోలేదు. గంగాభవాని ఒప్పుకోలేదు. ఫోన్లో ఎవరైనా అబద్ధమాడతారు, పట్టపగలు నలుగురి ముందూ చీరలెత్తి అబద్ధమాడేవాళ్ళు ఉండరని ఆవిడ నమ్మకం.

నూకరత్నం స్పీడు బ్రేకరు కోసం మున్సిపాలిటీలో అర్జీ పెట్టింది. గుమాస్తా పట్టాభి మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.

"వీధి వెడల్పెంతమ్మా?"

"పొద్దున బయల్దేరేటప్పుడు అరమైలుండొచ్చు బాబూ. ఇప్పుడెంతుందో."

పట్టాభి రిజిస్టరు తిరగేశాడు. "ఇరవై అడుగులే ఉందండి."

"ఎదురిల్లు ఆనడం లేదయ్యా."

"కళ్ళు చూపించుకోండి. ఆసుపత్రి మీవైపే ఉంది."

అర్జీ అయిదు బల్లలు తిరిగి మంజూరైంది. మనుషులొచ్చి, రికార్డు ప్రకారం నూకరత్నం గుమ్మం నుంచి సరిగ్గా ఇరవై అడుగులు గట్టు పోసి, పసుపు చారలు కొట్టి, పని పూర్తయిందని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. గంగాభవాని కూడా అర్జీ పెట్టిందట. అటువైపూ ఇరవై అడుగులు పోశారు. కార్లు రెండు గట్లకూ మధ్యనుంచి ఇంకా హాయిగా, ఇంకా జోరుగా పోసాగాయి. పోసిన నలభై అడుగులూ రెండో రోజు దాటకుండానే చెల్లిపోయాయి.

నూకరత్నం మళ్ళీ వెళ్ళింది. పట్టాభి నొచ్చుకున్నాడు.

"అదేంటమ్మా, నలభై అడుగులు దగ్గరయ్యారు కదా! పక్క వీధిలో ఎదురింటివాళ్ళ పేర్లు కూడా మరిచిపోయారు. ఒక్కరూ అర్జీ పెట్టలేదు."

అతను చెప్పింది నిజమే. ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఇప్పుడు రోజూ వంట దించి, పీట, గెడ, చీరల మూట పట్టుకుని గట్టు చివరికి వెళ్ళి కూర్చుంటుంది. ఇంటికంటే అక్కడ ఇరవై అడుగులు దగ్గర. కార్ల గాలికి కొంగు నిలవదు. నిన్న కూడా కొంగు మోకాలి కింద నొక్కిపెట్టి గవ్వలు వేసింది. ఒకటి పడింది. నాలుగు నెలల్లో ఎన్నోసారో ఆమె లెక్కపెట్టుకోలేదు.

అటూ ఇటూ చూసి, గవ్వలు గబగబా ఏరేసి, గెడకు మూడు చీరలు కట్టి ఎత్తింది.

చాలాసేపు ఏమీ కదల్లేదు. ఆ తరవాత, రోడ్డు అవతలి అంచున, కుంకుమ బొట్టంత ఎరుపు ఊగింది. ఒకప్పుడు రెండు పడితేనే తొండి అని వీధి అదిరేలా అరిచిన మనిషి, నాలుగు నెలలుగా ఒక్క ఒకటీ పడని ఆటను ఒక్కసారైనా ప్రశ్నించలేదు.

నూకరత్నం చీరలు మడతపెట్టుకుని భోజనానికి లేచింది.