గరిటయ్య పెట్టించిన కెమెరా

ఒక పెద్ద అడవిలో అన్ని రకాల మొగుళ్ళూ ఉండేవారు గాని, గరిటయ్యంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడు. అతను హార్న్‌బిల్ పిట్ట. ముక్కు గరిటంత, బుద్ధి ఆ గరిటలో పట్టేంత.

ఆ జాతిలో ఓ ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజులొస్తే ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్తుంది. మొగుడు బురద తెచ్చిస్తే ఇద్దరూ కలిసి వాకిలి మూసేస్తారు. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతారు. లోపల ఆవిడ రెక్కల ఈకలు కూడా రాల్చేసుకుంటుంది. మొగుడు పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తేనే తిండి, లేకపోతే పస్తు.

అలా గోడ వెనక ఈకల్లేకుండా కూర్చున్న పెళ్ళాం మీద గరిటయ్యకి అనుమానం వచ్చింది. ఓరోజు అతను వచ్చేసరికి లోపల మాణిక్యమ్మ నవ్వుతోంది. అంతకుమించి కారణం లేదు.

"ఎవరితో నవ్వుతున్నావ్?"

"గుడ్లతోనయ్యా. లోపల పిల్లలు కదులుతున్నారు."

"గుడ్లతో ఎవరన్నా నవ్వుతారా?" అంటూ తిన్నగా కోతి దగ్గరికి ఎగిరాడు.

పులుల్ని లెక్కపెట్టడానికి మనుషులు చెట్లకి కట్టిన కెమెరాలు ఊడబెరికి కోతి ఓ దుకాణం పెట్టింది. బోర్డు మీద 'కుటుంబ రక్షణ కేంద్రం' అని ఉంటుంది. ఫీజు మేడిపళ్ళు.

"ఆవిడకి చెప్పకుండా చూడ్డం తప్పేమో," అని నసిగాడు గరిటయ్య.

"అనుమానించడం తప్పండి. ఆధారం చూసుకోవడం బాధ్యత," అంది కోతి. "అయినా చెప్పి పెడితే ఇంక దొరికేదేముంది?"

తొర్రకి ఎదురుగా ఉన్న చెట్టుకి కెమెరా బిగించారు. మర్నాడు కోతి దుకాణంలో తెర మీద బొమ్మలు చూసి గరిటయ్య నోరు వెళ్ళబెట్టాడు. ఎవడో మగపిట్ట తొర్ర దగ్గర వాలాడు. సందులోంచి ముక్కు బయటికొచ్చింది. ముక్కూ ముక్కూ కలిశాయి. వాడు వెళ్ళి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కలిశాయి. వచ్చినప్పుడల్లా కెమెరాకి వీపు పెట్టి కూర్చోవడంతో మొహం మటుకు కనబడలేదు.

గరిటయ్య జన్మలో తన వీపు చూసుకున్నవాడు కాదు.

"ఏం చూసి మురిసిందో. ఆ మెడ చూడు, ఆ తోక చూడు," అని పళ్ళు నూరాడు.

ఆ పిట్ట ఎవరో కోతికి చూడగానే తెలిసింది. కానీ ఖాతాదారుణ్ణి నొప్పించడం వ్యాపార ధర్మం కాదు. "వాడు చిక్కాలంటే మీరిక్కడే కూర్చుని కళ్ళార్పకుండా చూడాలి," అంది.

కూర్చున్నాడు. పొద్దున్నే కోసుకొచ్చిన పళ్ళు ఫీజుకే సరిపోయేవి. తెర మీద ఇంక ఎవడూ రాలేదు. సందులోంచి ముక్కు బయటికొచ్చి, కాసేపు అలాగే ఉండి, లోపలికి పోయేది.

"చూశావా ఎదురుచూపులు," అన్నాడు గరిటయ్య. "నేను కాపలా కాస్తున్నానని వాడికి తెలిసిపోయింది. నిఘా అంటే అదీ."

అక్కడ గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలు ఆకలికి అరిచి అరిచి సొమ్మసిల్లాయి. మాణిక్యమ్మ ఇక ఆగలేక గోడ పొడిచి పగలగొట్టింది. ఎగరలేక కొమ్మా కొమ్మా పట్టుకుని దిగింది. పళ్ళు వెతుక్కుంటూ నేల మీద నడిచి నడిచి కోతి దుకాణం ముందుకొచ్చింది. అక్కడ మేడిపళ్ళ గుట్ట, గుట్ట పక్కన మొగుడు.

"ఎవరితో వచ్చావ్?" అన్నాడు గరిటయ్య.

బోడి రెక్కలతో నడిచొచ్చిన పెళ్ళాన్ని అడగాల్సిన మాటేనా అది? పైగా తెర ఆవిడ వైపు తిప్పి, "ఎవడు వీడు?" అన్నాడు.

మాణిక్యమ్మ ఆ వీపుని చాలాసేపు చూసింది.

"వీడా? మంచివాడయ్యా. ఎండనక వాననక పళ్ళు తెచ్చేవాడు. వీడి కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. నువ్వు కాపలా మొదలెట్టావు, వీడు రావడం మానేశాడు." ముక్కుకి పట్టినన్ని పళ్ళు ఏరుకునేముందు ఇంకో మాట అంది. "ఎక్కడన్నా కనబడితే రమ్మను. నువ్వు మాత్రం రాకు."

ఆవిడ పిల్లల దగ్గరికి నడిచిపోయింది. గరిటయ్య కోతి వైపు గర్వంగా తిరిగాడు.

"విన్నావుగా. ఒప్పేసుకుంది."

నీతి: ఇంట్లో అద్దం లేనివాళ్ళు కెమెరా తప్పనిసరిగా పెట్టించుకోవాలి.