ఒక్క మాట, ఇద్దరు పెద్దలు

ఆ ఉదయం బస్‌స్టేషన్ అనౌన్సరు ఒకే ఒక్క నిర్ణయంతో గడప దాటింది. ఆ మాట ఇవాళ తన నోట రాకూడదు. తాత్కాలికంగా చేస్తున్న ఉద్యోగాన్ని పర్మనెంటు చేయాలో వద్దో తేల్చడానికి పెద్ద అధికారి వస్తున్నారు. స్టేషన్ మేనేజరూ, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరూ ఆయనకు తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి.

ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. మేనేజరు 'షెడ్యూల్' అంటారు, ఇన్‌స్పెక్టరు 'స్కెడ్యూల్' అంటారు. ఎవరిది తప్పో తేల్చుకుందామని నిఘంటువు తెరిచారు. చిన్న కాగితం ముక్క అనే అర్థంతో పుట్టిన ఆ మాటను ఒకప్పుడు 'సెడ్యూల్' అని పలికేవారట. దాంతో పగ ఇంకా ముదిరింది. ఎవరు వింటుంటే వాళ్లకు తగ్గట్టు పలుకుతూ అనౌన్సరు ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది పాపం. ఇవాళ ఇద్దరూ ఒకేచోట వింటారు.

"ఆ మాటే ఎత్తకు. బస్సులు ఎప్పటిలాగే నడుస్తాయను, పీడా పోతుంది," అని బయల్దేరేముందు వదిన సలహా ఇచ్చింది.

మైకులో అదే చెప్పింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ రోజు బస్సులన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి."

బెంచీల మీద జనం మొహామొహాలు చూసుకున్నారు.

"ఎప్పటిలాగేనట. అంటే ఇంకో గంట పడుతుంది," అన్నాడో పెద్దాయన, సంచీ భుజాన వేసుకుంటూ. "పదండి, టీ తాగొద్దాం."

హాలంతా ఖాళీ అయింది. కానీ తనిఖీ ఉందని ఇన్‌స్పెక్టరు ముందురోజే డ్రైవర్లను హడలెత్తించి ఉంచారు. బస్సులు నిమిషం తప్పకుండా వచ్చాయి, నిమిషం తప్పకుండా వెళ్లాయి. ఎక్కినవాడు లేడు. ఆమె కిటికీలోంచి తొంగి టీకొట్టు వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే అధికారి దిగారు. నలుదిక్కులా చూశారు.

"బస్సు కోసం ఎదురుచూసేవాడు ఒక్కడూ లేని స్టేషన్ చూడటం ఇదే మొదటిసారండీ," అన్నారు మురిసిపోతూ. "ఈ అమ్మాయి ఎలా చేస్తుంది?"

"ఉచ్చారణ చాలా బాగుంటుంది సార్," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

అధికారి అక్కడికక్కడే సంతకం చేసి వెళ్లిపోయారు. ఆయన కారు మలుపు తిరిగిందో లేదో, టీ తాగిన జనం గుంపుగా లోపలికొచ్చారు.

"మా బస్సేదీ?"

"వెళ్లిపోయిందండీ."

"ఎప్పటిలాగే అన్నదెవరు?"

మేనేజరూ ఇన్‌స్పెక్టరూ కలిసి ఆమె వైపు వేలు చూపించారు. నిన్నటిదాకా అయితే ఆమె ఏడ్చేసేది. ఇవాళ పర్మనెంటు ఉద్యోగి కాబట్టి, నింపాదిగా 'భోజన విరామం' బోర్డు తగిలించి కిటికీ మూసేసింది.